మనవాళ్ళు ఇటు

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా పక్క రైల్వే క్వార్టర్ అక్క కూతురి పెళ్ళికి దారి చూపే బోర్డులన్నీ నేనే రాశాను. సుభాష్‌పల్లిలో తీసుకున్న హాల్లో భోజనాలకి రెండు గదులున్నాయి: ఒకటి కూర్చోబెట్టి విస్తళ్ళలో వడ్డించేది, ఒకటి బఫే.

"ఏటి రాయమంటావక్కా?" అని అడిగాను.

"ఇస్తళ్ళ గదికి 'మనవాళ్ళు ఇటు' అని తెలుగులో రాసీ సెల్లీ. బఫేకి బెంగాలీలో రాసీ, ఇక్కడోళ్ళకి."

మనవాళ్ళంటే తెలుగువాళ్ళనుకున్నాను. నీలం రంగుతో ముచ్చటపడి రాశాను, పక్కనే పెద్ద బాణం వేశాను.

పెళ్ళి రోజు ఆ బాణం చూపిన వైపే వెళ్ళాను. గుమ్మంలో అక్క నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"నువ్వు బఫేకెల్లు సెల్లీ. ఇక్కడ మనోళ్ళే కూకుంతారు. ఊర్నించి మా పెద్దోళ్ళు వచ్చినారు. ఏటనుకోకు."

ఇన్నేళ్ళూ ఒకే గోడకి అటూ ఇటూ బతికాం. మా ఇంటి క్రిస్మస్ కేకు తినకుండా ఆమె పిల్లలకి ఒక్క ఏడాదీ గడవలేదు. ఈ పెళ్ళికూతురైతే మా వంటింట్లోనే నడక నేర్చింది.

భుజం మీది చెయ్యి తీసేశాను. బఫే వైపు వెళ్ళలేదు.

ఆ హాల్లో అన్నిటికీ బాణాలు వేశాను గానీ, బయటికి పోయే దారికి వేయలేదు. అది నేనే వెతుక్కున్నాను.