వాన కాని ఆకుపచ్చ

పెడనలో మగ్గాల వీధి తెల్లవారక ముందే లేస్తుంది. ఆ వేళకి అది వీధిలా ఉండదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుమెత్తున పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాల వరస, పరుచుకుని, దారాలతో చేసిన సన్నటి నదిలా ఉంటుంది. దానికి అటూ ఇటూ మనుషులు నిలబడి, కుంచెలతో గంజి రాస్తూ వెనక్కి నడుస్తారు. ఒక ఇంటి పడుగుకి ఆరుగురు కావాలి. అందుకని ఈ రోజు నీకు, రేపు నాకు అని ఇంటికొకరు వస్తారు. గంజి మాత్రం ముందు రోజు సాయంత్రమే కాయాలి. రాత్రంతా పులిస్తేనే దారాన్ని పట్టుకుంటుంది. తడి గంజి మీద నాలుగు చినుకులు పడ్డాయంటే దారాలు ఒకదాన్నొకటి కరుచుకుని, పడుగంతా చిక్కుముడి అయి కూర్చుంటుంది.

కాబట్టి ప్రతి సాయంత్రం ఆ వీధికి ఒకటే ప్రశ్న. తెల్లారేసరికి వాన ఉంటుందా, ఉండదా?

ముప్పై ఏళ్లు ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు చౌడయ్య. పొద్దు వాలాక వీధి చివర నిలబడి సముద్రపు గాలిని ఒక్కసారి గుండెల నిండా పీల్చుకునేవాడు. "కాయండి" అంటే పొయ్యిలు వెలిగేవి. "ఆగండి" అంటే ఆగేవి. ఆయన పోయిన వారానికి వీధి ఆయన కూతురు గుమ్మం ముందు నిలబడింది.

కూతురి పేరు రాజేశ్వరి. నలభై నాలుగేళ్లు. చీరల అంచులకి గళ్ల కాగితం మీద డిజైన్లు గీస్తుంది. ఒక్కో గడి ఒక్కో దారం. నెమలి మెడ ఎన్ని గళ్లలో వంగుతుందో, తామర రేకు ఎన్నో గడి దగ్గర విచ్చుకుంటుందో ఆమె పెన్సిల్‌కి తెలుసు. ఆ ఇంట్లో పొద్దంతా మగ్గం చప్పుడు భర్తది, నిశ్శబ్దం ఆమెది. గాలి వాసన చూసే విద్య మాత్రం ఆమెకి అబ్బలేదు. ఆమె దగ్గర ఉన్నది ఫోను, అందులో బందరు రాడార్ బొమ్మ. తుఫాను రోజుల్లో ఎవరో చూపిస్తే నేర్చుకుంది. అదీ గళ్ల కాగితమే గదా అనుకుంది. చిన్న చిన్న చదరాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు. నాన్న ముక్కుతో చదివినదాన్ని ఆమె కళ్లతో చదివేది. పది నెలలు వీధి ఆమె మాట మీద గంజి కాసింది.

నిరుడు ఏప్రిల్ మొదటి వారంలో ఆ మాట విరిగింది.

ఒక సాయంత్రం ఏడు కావస్తుండగా ఆమె ఫోను తెరిచింది. బందరు చుట్టూ లేత ఆకుపచ్చ రంగు ఉంగరంలా విచ్చుకుంటోంది. పది నిమిషాల తర్వాత చూస్తే ఇంకా పెద్దదైంది. పెడన మీదికే వస్తోంది.

"ఆగండి. వానొస్తంది" అని చెప్పింది.

తెల్లారింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మర్నాడు సాయంత్రం మళ్లీ ఉంగరం, మళ్లీ ఆగండి, మళ్లీ ఎండ. మూడో రోజూ అంతే. మూడు తెల్లవారుజాములు వీధి ఖాళీగా పడి ఉంది. ఎదురింటి భద్రమ్మ, వరసకి ఆమెకి అత్త, నోరు ఊరుకోనిది, చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏమే రాడారమ్మా, మీ వాన ఏ ఊళ్లో దిగిపోయిందే? బస్సు తప్పిందా?"

వీధంతా నవ్వింది. రాజేశ్వరీ నవ్వింది, కానీ లోపల ఏదో దారం తెగింది. నాలుగో సాయంత్రం బొమ్మలో మళ్లీ ఆకుపచ్చ కనిపించింది. ఆమె ఏమీ మాట్లాడలేదు. ఎవరూ అడగలేదు కూడా. పక్కింటి దుర్గాశంకర్ గంజి కాసుకున్నాడు. తెల్లారి వీధిలో పడుగు పరిచి కుంచెలతో సగం దూరం నడిచాక, పడమటి నుంచి నిజమైన వాన వచ్చింది.

నాలుగు చీరల పడుగు అది. విప్పుదామని అతను, అతని భార్య మూడు రోజులు కూర్చున్నారు. చివరికి కత్తిరించారు. అతను రాజేశ్వరిని ఒక్క మాట అనలేదు. "నువ్వు చూశావా అక్కా, ఆ సాయంత్రం?" అని మాత్రం అడిగాడు.

"చూశా."

"మరి చెప్పలేదేం?"

ఆ రోజు నుంచి ఆమె గుమ్మం ముందుకి ఎవరూ రాలేదు. దుర్గాశంకర్ తన ఫోనులో తనే చూసుకునేవాడు. అందులో పచ్చ కనిపిస్తే వీధి ఆగేది, లేకపోతే కాసేది. చౌడయ్య ఇంటి మాటతో పని లేకుండా పోయింది.

రాజేశ్వరి ఒక కొత్త కాగితాల కట్ట కొంది. ఫోనులో దాచి ఉంచిన ఆ నాలుగో సాయంత్రం బొమ్మని ముందు దించి, తర్వాత ప్రతి సాయంత్రం రాడార్ బొమ్మని గడికి గడి దించుకోవడం మొదలుపెట్టింది. తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో పక్కన రాసేది. ఆమెకి కావలసింది ఒకటే, ఈ పచ్చకీ ఆ పచ్చకీ తేడా ఏమిటి? గీస్తూ పోతే చేతికి తెలిసింది. వాన ముద్దలు ముద్దలుగా ఉంటుంది. మధ్యలో పసుపు, ఎరుపు చిక్కబడతాయి. ఏ వేళైనా పుడుతుంది, ఏ దిక్కు నుంచైనా వస్తుంది. ఉంగరం అలా కాదు. పొద్దు గుంకిన అరగంటకి సముద్రం అంచునే పుడుతుంది. పలచగా, ఒకే రంగుతో ఉత్తరానికి పోతుంది. రెండు బొమ్మల మధ్య గళ్లు లెక్కపెట్టి చూస్తే గాలి కన్నా మూడింతల వేగం. ఏప్రిల్ ఆఖరికి సన్నబడింది. మే నెలలో ఒక్కటీ లేదు.

వాన కాదని తేలింది. మరేమిటో తేలలేదు.

శ్రావణ మాసం ముందు ఆమె విజయవాడ వెళ్లింది. బెంజ్ సర్కిల్ దగ్గర వెంకటకృష్ణారావు గారి చీరల దుకాణానికి కొత్త అంచుల డిజైన్లు ఇవ్వాలి. ఆయన కట్ట విప్పి ఒక్కో కాగితం చూస్తూ ఒకచోట ఆగిపోయారు.

"ఇదేంటమ్మా రాజేశ్వరీ, బుటా అదిరిపోయింది! మధ్యలో ఖాళీ, చుట్టూ చిట్లినట్టు అంచు. గోధుమ రంగు మీద వేద్దామా?"

"అయ్యో, అది బుటా కాదండీ. పొరపాటున కలిసిపోయింది. అది వాన."

"వానా?"

"వాన కూడా కాదండీ. ఏంటో తెలీట్లేదు."

అవతల చీర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ తలెత్తింది. పేరు శాంతకుమారి, భవానీపురంలో ఉంటారు, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతారు. చీర పక్కన పెట్టి కాగితం అందుకున్నారు.

"ఇది బందరు రాడార్ కదండీ? మీరు గీశారా? టైమెంత?"

"పొద్దు గుంకిన అరగంటకండీ. మార్చి సంగతి తెలీదు, ఏప్రిల్ అంతా ఉంది. మేలో లేదు. ఉత్తరానికి పోతది."

శాంతకుమారి ఉంగరం అంచు మీదుగా వేలు పోనిచ్చారు. తర్వాత మెల్లగా అన్నారు. "మీరు గీసింది పక్షుల్నండీ."

చలికాలమంతా సముద్రపు ఒడ్డు బురదల్లో మేసిన పొడుగు ముక్కు ఉల్లంకి పిట్టలు ఎండలు ముదిరే ముందు ఉత్తరదేశాలకి బయలుదేరతాయట. పొద్దు గుంకాక లేస్తాయట. రాడార్ పంపిన అల దేనికి తగిలితే దాని నుంచి వెనక్కి వస్తుంది. చినుకేదో, రెక్కేదో దానికి తెలియదు. కొన్ని దేశాల్లో ఇలాగే ఏ రోజు ఎన్ని పిట్టలు దాటాయో లెక్కలు కడతారట.

"మన బందరు ఉంగరాన్ని ఇలా రోజూ గీసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలీదండీ. ఈ కాగితాలు పారేయకండి. మార్చి నుంచి మళ్లీ గీయండి."

వెంకటకృష్ణారావు గారు గొంతు సవరించుకున్నారు. "అయితే బుటా వెయ్యొద్దంటారా?"

బస్సులో కిటికీ పక్కన కూర్చుని రాజేశ్వరి ఇంటి దాకా నిద్రపోలేదు. ఉయ్యూరు చెరకు తోటలు, పామర్రు కాలవలు వెనక్కి పోతున్నాయి. ఆకాశంలో కూడా ఇలా ఒక రోడ్డు ఉంటుందా, దాని మీద మైలురాళ్లు ఏమిటి అని ఆలోచించింది.

కానీ ఒకావిడ చెప్పింది కదా అని వీధికి చెప్పలేదు. ఒకసారి చూడకుండా చెప్పి చూసింది. ఈసారి చూశాకే చెప్పాలి.

మార్చి చివర్లో లాజరు ఆటో మాట్లాడుకుంది. లాజరు ఆ సందు చివర ఉంటాడు, రోజూ సముద్రపు ఒడ్డు నుంచి చేపల బుట్టలు తెస్తాడు.

"చేపల కోసం వచ్చినోళ్లని తీసుకెళ్లాను, తీర్థానికి వచ్చినోళ్లని తీసుకెళ్లాను. పిట్టల కోసం ఆటో కట్టించుకుంది నువ్వే చెల్లెమ్మా" అన్నాడు.

"నవ్వుకో అన్నయ్యా. అలవాటైపోయింది."

సముద్రపు ఒడ్డున బురద నేల అద్దంలా ఉంది. దాని మీద వేల పిట్టలు, బూడిద రంగువి, ఇటుక రంగు తిరుగుతున్నవి, మేసి మేసి గుండ్రంగా అయినవి. పొద్దు గుంకింది. వెలుతురు పలచబడింది. పిట్టల్లో ఏదో కదలిక పుట్టింది. గుంపులు గుంపులుగా లేచి, దిగి, మళ్లీ లేచాయి, వెళ్లాలా వద్దా అని ఇంట్లో వాళ్లు గుమ్మంలో తచ్చాడినట్టు. తర్వాత ఒక గుంపు లేచి ఇక దిగలేదు. సన్నటి ఈలలు వేసుకుంటూ పైకి, ఇంకా పైకి, గీత కట్టి ఉత్తరానికి తిరిగింది. దాని వెనక మరొకటి. దాని వెనక ఇంకొకటి. ఆకాశమే ఒక్కో దారం తీసుకుంటూ పడుగు పరుచుకుంటున్నట్టుంది.

లాజరు బీడీ వెలిగించడం మర్చిపోయాడు. "ఇన్నేళ్లు ఇక్కడే తిరిగా. తల కిందకే ఉంది ఎప్పుడూ" అన్నాడు.

కాసేపటికి ఆమె ఫోను తెరిచింది. సముద్రం అంచున మొదటి ఆకుపచ్చ చదరం వెలిగింది.

ఏప్రిల్ రెండో వారంలో మూడు రోజులు మబ్బు పట్టింది. భద్రమ్మ మగ్గం ఐదు రోజులుగా ఖాళీ. పడుగు సిద్ధంగా ఉంది, గంజి పెట్టడమే తరువాయి. నాలుగో రోజు సాయంత్రం మబ్బు విడింది. భద్రమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టేసరికి దుర్గాశంకర్ ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఆగత్తా, ఆగు! బందరు మీద పచ్చగా ఉంది. ఇటే వస్తంది. అవతల నందిగామ వైపు కూడా ఉంది చూడు."

నలుగురూ చేరారు. భద్రమ్మ గిన్నె దించబోయింది. రాజేశ్వరి తన గుమ్మం దిగింది. ఏడాది తర్వాత ఆమె ఆ వీధి మధ్యకి రావడం అదే.

"కాయత్తా. వాన కాదు."

భద్రమ్మ చెయ్యి గిన్నె మీదే ఆగింది. దుర్గాశంకర్ ముఖం గట్టిపడింది. "నిరుడు ఇలాంటి పచ్చ చూసే గదక్కా నువ్వు..."

"అవును. నిరుడు తెలీక చెప్పా. తర్వాత తెలీక ఊరుకున్నా. నీ పడుగు పోయింది నేను ఊరుకోబట్టే." ఆమె కాగితాల కట్ట వాళ్ల ముందు అరుగు మీద పరిచింది. "ఇదిగో, ఇది నీ పడుగు తడిసిన ముందు సాయంత్రం. ముద్దగా ఉంది, మధ్యలో పసుపు. ఇది ఉంగరం. పొద్దు గుంకిన అరగంట. ఇదీ అంతే, ఇదీ అంతే. ఇవి పిట్టలు శంకర్. నేను ఒడ్డుకెళ్లి చూశా."

"పిట్టలు రాడార్‌లో పడతాయంటే నేను నమ్మాలా?"

"లాజరన్నని అడుగు."

"లాజరు మాట సరేనే" అంది భద్రమ్మ, "మరి ఆ నందిగామది? అదీ పిట్టలేనా, లేకపోతే కోళ్లా?"

"అది వానే అత్తా. కానీ అరగంట నుంచి చిక్కిపోతంది, ఖమ్మం వైపు జరుగుతంది. దాని మాట నూటికి ఎనభై చెప్పగలను. ఉంగరం మాట నూటికి నూరు. ఇంకో పది నిమిషాల్లో మన నెత్తి మీద ఉంటాయి. నిలబడి వినండి."

పది నిమిషాలు ఒక వీధి ఊరికే నిలబడటం చిన్న సంగతి కాదు. ఎవరో వెళ్లి టీవీ కట్టేశారు. మగ్గాలు ఆగాయి. పడమటి అంచున ఇంకా బూడిద రంగు వెలుగు కొంచెం మిగిలి ఉంది. రాజేశ్వరి నిమిషాలు లెక్కపెడుతోంది. ఐదు నిమిషాలు. ఎనిమిది. దుర్గాశంకర్ ఫోను వైపు చూశాడు. పచ్చ అంచు పెడనని తాకింది. చినుకు లేదు.

ముందు విన్నది భద్రమ్మ. కళ్లు మసకబారిన మనిషి, చెవులు మాత్రం చురుకు.

"ఉష్! ఎవరే ఈల వేస్తంది?"

ఒకటి కాదు. పైనుంచి, చాలా పైనుంచి, సన్నగా, తడబడకుండా, ఒకదానికొకటి జవాబిచ్చుకుంటూ ఈలలు. అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఆ మిగిలిన వెలుతురులో ఒక గీత కదిలింది, దాని వెనక మరో గీత. అవి వీధి మీదుగా, మగ్గాల కప్పుల మీదుగా, రైలు కట్ట మీదుగా దాటి పోతున్నాయి. పోతూనే ఉన్నాయి.

"ఎంత దూరం పోతాయే?" భద్రమ్మ గొంతు చిన్నదైంది.

"మంచు కరిగే దేశాలకంట. వేల మైళ్లు. అక్కడ గుడ్లు పెట్టుకోవడానికి."

"ఇంత చిన్న ప్రాణానికి! వాటికి వాన సంగతి ఎవరు చెప్తారో."

దుర్గాశంకర్ చాలాసేపు పైకే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, అరుగు మీద గాలికి ఎగరబోతున్న కాగితాల మీద ఒక రాయి పెట్టాడు.

"అత్తా, గిన్నె ఎక్కించు. కట్టెలు నేను తెస్తా" అన్నాడు.

తెల్లవారుజామున వీధిలో పడుగు పరిచారు. సముద్రపు గాలి పొడిగా, మెత్తగా వీస్తోంది. గంజి పులిసిన వాసన. ఆరుగురిలో ఒక కుంచె రాజేశ్వరి చేతిలో ఉంది, ఎదురుగా దుర్గాశంకర్. ఇద్దరూ ఒకే లయలో వెనక్కి నడుస్తున్నారు. సగం దూరం వచ్చాక అతను పడుగు మీద నుంచి కళ్లెత్తకుండానే అడిగాడు.

"ఎల్లుండి నా పడుగు అక్కా. రేపు సాయంత్రం చెప్తావుగా?"

"చూసి చెప్తా" అంది ఆమె. "తెలీకపోతే తెలీదని చెప్తా."

"అదే చాల్లే" అన్నాడతను. కుంచె ముంచి మళ్లీ దారం మీద పెట్టాడు.