పువ్వుల కింద కుళాయి

బెలార్మీనో రోజూ పొద్దున్నే మెడలో కెమెరా వేసుకుని బయలుదేరేవాడు. వల్పరాయిసో ఊళ్ళో మా కొండ మెట్లన్నీ ఎక్కి దిగుతూ నిప్పు కుళాయిల ఫొటోలు తీసేవాడు. మలుపుల్లో నడుమెత్తున నిలబడి ఉంటాయే, మంటలార్పేవాళ్ళు వచ్చి గొట్టం తగిలించుకునే పసుపు ఇనప కుళాయిలు, అవే. కొండ మొత్తానికి ముప్పై ఒకటి.

ఆయనది పాస్‌పోర్టు ఫొటోల కొట్టు. కుళాయిని కూడా అలాగే తీసేవాడు: ఎదురుగా, నిటారుగా, చెవుల్లాంటి రెండు పక్క మూతులూ కనబడేలా. అడ్డంగా చెత్తసంచి ఉంటే పక్కకు జరిపి, పనయ్యాక మళ్ళీ ఉన్నచోటే పెట్టేవాడు. తర్వాత కుళాయిని కొంచెం తిప్పి నీరుందో లేదో చూసి, ఆ ఫొటో వెనక "ఉంది" అనో "లేదు" అనో రాసుకునేవాడు.

మా మలుపులో ఉన్న దానికి పదకొండేళ్ళుగా "లేదు" అనే రాశాడు.

రొట్టెల నోల్ఫా వేడి రొట్టె ఒకటి ఆయన జేబులో కుక్కుతూ ఎగతాళి చేసేది. "ఏమయ్యా, ఇవాళైనా నవ్విందా నీ పెళ్ళికూతురు?"

"నవ్వాలంటే నోట్లో తడుండాలి కదమ్మా," అనేవాడాయన.

మా ఊళ్ళో మంటలార్పేవాళ్ళకు జీతం ఉండదు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, గంట వినగానే పరుగెత్తుతారు. బెలార్మీనో కూడా అలా పరుగెత్తినవాడే. పదకొండేళ్ళ కిందట ఒక వేసవి మధ్యాహ్నం గాలికి కొండపై యూకలిప్టస్ చెట్లు అంటుకున్నప్పుడు, మా మలుపు కుళాయికి గొట్టం బిగించింది ఆయన చేతులే. చుక్క రాలేదు. కింది వీధి కుళాయి నుంచి గొట్టం లాక్కొచ్చేసరికి మా మలుపులో ఉండే ఫ్రెసియా ఇల్లు కాలిపోయింది. ఆమె ఆ పొగలోంచి బయటికొచ్చి, ఆ కుళాయి దగ్గరే పడి ప్రాణం విడిచింది.

ప్రాణం పోయిన చోట చిన్న గూడు కట్టి దీపం పెట్టడం మా ఆచారం. నేనే మొదటి కొవ్వొత్తి వెలిగించాను. తర్వాత ఎవరో కుళాయికి మరియ తల్లి వస్త్రంలా నీలం రంగు వేశారు. ప్లాస్టిక్ పువ్వులు వచ్చాయి, ఆమెకు మొక్కుకుని కోరిక తీరినవాళ్ళు కృతజ్ఞతగా పలకలు తగిలించారు. చివరికి కుళాయి కనబడకుండా పోయింది. బెలార్మీనో మాత్రం తన పని మానలేదు. రోజూ ఫొటో తీసి, నీళ్ళ కంపెనీ కిటికీలో ఇచ్చి వచ్చేవాడు. అక్కడి అమ్మాయి కవరు తీసుకుని, ఆయన కూర్చోవడానికి తన కుర్చీ ఇచ్చేదట. ఆమె చేయగలిగింది అంతే.

పోయినేడు అక్టోబరులో కంపెనీ పనివాళ్ళు నిజంగానే వచ్చారు. కొత్త కుళాయి, పారలు తెచ్చారు.

"రెండు గంటల పనమ్మా. ఈ పాతది పీకేసి కొత్తది పెడతాం," అన్నాడు మేస్త్రీ.

"పీకుతావా? ముందు ఫ్రెసియాని అడుగు!" నోల్ఫా అడ్డం నిలబడింది. "నా మనవరాలి జ్వరం తగ్గించిందావిడ."

నేనూ నిలబడ్డాను. "నాయనా, ప్రాణం పోయిన చోటు కదపకూడదు," అన్నాను. బళ్ళో సిస్టర్లు చెప్పిన మాట కాదది, మా అమ్మ చెప్పింది. ఆ క్షణంలో అంతకంటే పెద్ద నిజం నాకు తోచలేదు.

మేస్త్రీ టోపీ తీసి, గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని, కాగితంలో ఏదో రాసుకున్నాడు. అప్పుడే బెలార్మీనో ఆయాసంతో మెట్లెక్కి వచ్చాడు.

"వాళ్ళని చెయ్యనివ్వండమ్మా. ఆవిడ నీళ్ళు లేకే పోయింది."

"ఇంకెవరూ అలా పోకుండా ఇప్పుడు ఆవిడే చూసుకుంటోందిలే," అంది నోల్ఫా, చాలా ప్రేమగా.

ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. మేస్త్రీ పారలు బండిలో వేసుకున్నాడు. మళ్ళీ రాలేదు. "స్థానికులు ఒప్పుకోలేదు" అని కంపెనీ ఉత్తరం మాత్రం వచ్చింది. బెలార్మీనో దాన్ని చదివి మడిచి పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దున మళ్ళీ కెమెరా వేసుకుని బయలుదేరాడు.

ఈ ఏటి చలికాలంలో పాత పొగ ఆయన ఊపిరితిత్తుల్లో మళ్ళీ తిరగబడింది. ఇప్పుడు మంచం దిగలేడు. కొండ మీద గడ్డి ఎండుతోంది. నేను రోజూ సూపు పట్టుకెళ్తాను. రెండు చెంచాలు తాగి చాలంటాడు. దేవుడు నన్ను క్షమించాలని నేను అడుగుతున్నాను, కానీ ఆ మలుపులో ఇవాళ్టికీ చుక్క లేదు.

నిన్న చెంచా పక్కనపెట్టి, దిండు కింది నుంచి కెమెరా తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"ఎల్బమ్మా, రేపు పొద్దున దాని ఫొటో మీరు తీసిపెట్టండి. నిటారుగా తీయండి. తీసేముందు మాత్రం ఆ పువ్వులు కాస్త పక్కకు జరపండమ్మా. అది కుళాయి అని తెలియాలి."