అవ్వ మాటకు నేను పెట్టిన కోత

ఒక ఊరికి వచ్చే నీళ్ల ట్యాంకరును షేవింగ్ బ్లేడుతో ఆపిన మహానుభావుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

తొంభైల చివర్లో నేను రేడియోకు పల్లెల సమస్యల మీద కార్యక్రమం చేసేవాణ్ని. ఉద్యోగం కాంట్రాక్టుదే, పొగరు మాత్రం పర్మనెంటు. భుజాన టేపు రికార్డరు తగిలించుకుని హిందూపురం బస్టాండులో దిగితే, కరువంతా నాకోసమే కాచుకుని ఉన్నట్టు నడిచేవాణ్ని.

ఆ ఎండాకాలం అగళి దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. బోర్లు ఎండిపోయాయి. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే వాళ్లకు దిక్కు. బిందెల వరుసలో నిలబడ్డ హనుమక్క అవ్వ ముందు మైకు పెట్టి, పుస్తకాల భాషలో అడిగాను.

"అవ్వా, తాగునీటి సరఫరా ఎలా ఉంది?"

"సాలు నాయనా, సాలు. ఈ నీళ్లకు కొట్లాడి కొట్లాడి పానం ఇసిగిపోయినాది. ఇంటికి రెండు బిందెలు. మనుషులు తాగల్లా, గొర్రెలు తాగల్లా. ఇంగ ఈ బతుకే సాలు."

ఇలా పది నిమిషాలు చెప్పింది. కార్యక్రమం మూడు నిమిషాలు. అందులో సగం నా పీఠికకే పోయింది, మిగతాది దాదాపు అంతా నా ముగింపుకు పోయింది. కరువు గురించి నేనంత గొప్పగా మాట్లాడాక ఇక అవ్వ చెప్పేదేముంటుంది చెప్పండి. అప్పట్లో టేపును బ్లేడుతో కోసి అతికించేవాళ్లం. నేను కోస్తూనే పోయాను. చివరకు నా ప్రశ్న, అవ్వ మొదటి ముక్క మిగిలాయి. ఆ గొంతులో విసుగు నాకు తెలుసు కాబట్టి వినేవాళ్లకూ తెలుస్తుందనుకున్నాను.

రేడియోలో వచ్చింది ఇదీ: "తాగునీటి సరఫరా ఎలా ఉంది?" "సాలు నాయనా, సాలు."

వారం తిరక్కుండా ట్యాంకరు ఆగింది. గుండెలు బాదుకుంటూ పెనుకొండలో ట్యాంకర్లు పంపే ఆఫీసరు దగ్గరికి పరిగెత్తాను.

"ఆ ఊరికి నీళ్లు ఆపేసినారంట సార్."

"మీ రేడియోలోనే చెప్పినారు కదప్పా, సాలని. బండిని ధర్మవరం దిక్కు పంపిస్తిమి."

"అది సరిపోయిందనే సాలు కాదు సార్. విసుగొచ్చి అనే సాలు."

"సాలులో రకాలు కూడా ఉండాయా? రాసియ్యి, పైకి పంపిస్తాం."

రాసిచ్చాను. ఒక్క మాటకు అర్థం చెబుతూ రెండు పేజీలు. ఆ కాగితం పైకి పోయింది, ఇంతవరకు కిందికి దిగలేదు.

తల వంచుకుని పల్లెకు వెళ్లాను. మూడు మైళ్ల అవతలి తోట బావి నుంచి మోసుకొచ్చిన బిందెను అవ్వ అప్పుడే దించింది. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు.

"తప్పయిపోయిందవ్వా. మళ్లీ రికార్డు చేస్తా."

"ఈసారి కోసేకి లేకుండా చెప్తా. అడుగు."

"మీ ఊళ్లో నీళ్లు ఉండాయా?"

"లేవు."

మైకు ఇంకాస్త దగ్గరికి జరిపాను. "ఇంకేమైనా చెప్తావా అవ్వా?"

"అంతే. దీన్ని యాడ కోస్తావో కొయ్యి."

టేపు తెచ్చి రేడియో స్టేషనులో మా పై అధికారికి వినిపించాను.

"బాగుండాది గానీ, మరీ చిన్నదబ్బా. మూడు నిమిషాలు ఎట్ల నింపేది? పక్కన పెట్టు."

పక్కన పెట్టాం. వానలు పడేదాకా ఆ ఊరి ఆడవాళ్లు ఆ మూడు మైళ్లూ నడిచారు. నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ టేపు పక్కన పెట్టిన రోజే మైకు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను, ఈ జన్మలో మరొకరి మాటకు కోత పెట్టనని. నెల తిరిగేసరికి రేడియోవాళ్లు నా కాంట్రాక్టుకే కోత పెట్టారు కాబట్టి, ఆ ప్రమాణం ఇప్పటిదాకా భేషుగ్గా నిలబడింది.