మరణాన్ని కండోన్ చేసిన వైనం

ఒక ఇంగ్లీషు మాటకు అర్థం చెప్పడానికి పావలా అడిగితే, పావలా ఇవ్వకుండా మాటను మాత్రం పట్టుకొచ్చేసిన మొనగాణ్ణి సాలూరు బజారు మొత్తంలో నేనొక్కణ్ణే. పుట్టి పెరిగింది కిరాణా కొట్లో. మాటనైనా మినప్పప్పునైనా బేరమాడకుండా కొన్న పాపాన పోలేదు.

ఆ మాట ‘కండోన్’. అరవైల చివర్లో మేం అమ్మకం పన్ను లెక్కలు ఆలస్యంగా దాఖలు చేసినప్పుడు, తాలూకా ఆఫీసు ముందు టైపు మిషను పెట్టుక్కూర్చునే అర్జీల రాతగాడు మా నాన్న తరఫున కొట్టిన కాగితంలో అది ఉంది. దాని అర్థమేమిటని అడిగాను.

"అర్జీకి రూపాయి. అర్దం కూడా కావాలంటే ఇంకో పావలా అవుతాది," అన్నాడు.

చిల్లర లేదని తప్పించుకుని అర్థం నేనే కట్టుకున్నాను. ఆ కాగితం చదివాక ఆఫీసరు మొహం మెత్తబడింది. కనుక అది మనసును మెత్తబరిచే మాట. పైగా పెద్దవాళ్ళెవరైనా పోతే రేడియోలో వినిపించే ‘కండోలెన్స్’కి ఇది దగ్గరి చుట్టమై ఉండాలి. పావలా మిగిలింది.

ఆ ఏడాదే సబ్బుల కంపెనీ ఒకటి మా ఊళ్ళో ఏజెన్సీ ఇవ్వబోతోందని తెలిసింది. ఎవరికివ్వాలన్నది విజయనగరంలోని హోల్‌సేల్ వ్యాపారి చేతిలో ఉంది. పోటీ మా కొట్టుకీ ఎదురు కొట్టుకీ మధ్యే. మా నాన్నకి ఎంత ఆశంటే, సబ్బుల కోసం ముందుగానే రెండు అరలు ఖాళీ చేయించాడు. ఇంతలో ఆ వ్యాపారి తల్లి పోయిందని కబురొచ్చింది.

నాన్న నన్ను వెళ్ళి పలకరించి రమ్మన్నాడు. నేను లెక్క కట్టాను. బస్సుకి రానూపోనూ ఖర్చు, ఒక రోజు బేరాలు గోవిందా. ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే ఖర్చు తక్కువ, దర్జా ఎక్కువ అన్నాను.

"ఒరే, సావింటికి మనిసెల్లాల గానీ కాయితమెల్తాదేటి?" అన్నాడు నాన్న.

ఆయనకి ఇంగ్లీషు సత్తా తెలియదని లోలోపల జాలిపడ్డాను. పాత అర్జీ నకలు ముందు పెట్టుకుని, ‘మీ తల్లిగారి మరణాన్ని హృదయపూర్వకంగా కండోన్ చేస్తున్నాను’ అని ఇంగ్లీషులో రాశాను. అర్జీ చివర, ఇకముందు ఇలా జరగదని హామీ ఇస్తున్నట్టు ఒక వాక్యం ఉంది. అంత మంచి వాక్యాన్ని వృథా చేయడం ఇష్టంలేక, ‘ఇకముందు ఇలాంటిది జరగదని ఆశిస్తున్నాను’ అని మార్చి, సంతకం పెట్టాను.

పెద్దకర్మ అయిన నాలుగో రోజున నాన్ననీ నన్నూ రమ్మని కబురొచ్చింది. ఏజెన్సీ ఇవ్వడానికేననుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. వెళ్ళేసరికి ఆ వ్యాపారి గుండుతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చేతిలో నా ఉత్తరం. దాన్ని వాళ్ళ చుట్టమైన ప్లీడరొకాయన నలుగురిలో చదివి తెలుగులో చెప్పాడట. కండోన్ అంటే తప్పని తెలిసీ చూసీచూడనట్టు వదిలేయడమని, పైవాడు కిందివాడికి చేసే ఉపకారమని, చావుకి ఆ మాట నప్పదని అక్కడే తెలుసుకున్నాను.

ఆయన నా మీద అరిచినా బాగుండేది.

"బాబూ, మాయమ్మ సచ్చిపోడం తప్పేనని ఒప్పుకుంతన్నాను. నువ్వు పెద్దమనసు సేసుకొని మాపు సేసినావు. ఇంకెప్పుడూ సావదులే," అన్నాడు.

సిన్నోడు తెలీక రాసీసినాడని నాన్న నసిగాడు.

"తెలీకపోతే పోనీ మావా. ఎదురు కొట్టోడికి ఇంగిలీసు రాదు. వచ్చినాడు, నా పక్కన కూకున్నాడు, ఒక్క మాటాడనేదు. సబ్బులు ఆడికిచ్చీసినాను."

తిరుగు బస్సు రామభద్రపురం దాటింది. ఆ మాటను సరిగ్గా వాడవలసిన సందర్భం నాకు మొదటిసారి అప్పుడొచ్చింది. తప్పు నాది, వదిలేయవలసినవాడు ఆయన. అర్థం చేతిలో ఉంది గానీ అడగడానికి నోరు రాలేదు.

ఇక ఉన్నదున్నట్టు లెక్క. ఖర్చు కింద, ఒక మనిషి ప్రయాణం మిగల్చబోయి ఇద్దరి ప్రయాణం. సబ్బుల ఏజెన్సీ ఒకటి. నాన్న నాతో కొట్టు సంగతులు తప్ప మరో మాట మాట్లాడని రోజులు పదకొండు. రాబడి కింద ఒక క్రియాపదం, వాడుకతో సహా. పోయిన ఆ ముసలావిడ కోసం నేను పడ్డ బాధ, సున్నా.