ఏడు చేతులు తక్కువైన ఒప్పందం

చేతులు రెండుసార్లు లెక్కపెట్టాను. రెండోసారి కుర్చీల వరసల మధ్య నడుచుకుంటూ వెళ్లి, పెన్నుతో ఒక్కొక్కరినీ చూపిస్తూ లెక్కపెట్టాను. మూడింట రెండు వంతులకు ఏడు చేతులు తక్కువ. సిడ్నీ పడమటి శివారులో, డిసెంబరు ఎండకు రేకుల కప్పు కాగిపోతున్న ఒక కమ్యూనిటీ హాల్లో ఇది జరిగింది. రెండేళ్ల గొడవకు ముగింపుగా మా తెలుగు సంఘం అధ్యక్షుడు అవతలి సంఘంతో రాజీ ఒప్పందం చేసుకొస్తే, దాన్ని మా సభ్యులే కాదన్నారు. ఆయన ముందు వరసలో కూర్చుని నా వైపు చూశారు. ఆ రోజు ఆయనకు గొంతు లేదు.

అప్పట్లో నేను సంఘం కార్యదర్శిని. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పదిహేడేళ్లు పనిచేసి, ప్రోగ్రామర్‌గా వీసా వచ్చిన మా ఆవిడ వెంట ఇక్కడికి వచ్చాను. ఉత్తరాలు వేరుచేసే గోదాములో పని దొరికింది. రాత బాగుంటుందని సంఘం మినిట్స్ పుస్తకం నా చేతికిచ్చారు.

గొడవ ఎలా మొదలైందని అడిగితే ఇద్దరు రెండు రకాలుగా చెప్పేవారు. దాని ఫలితం మాత్రం అందరికీ కనిపించేది. ఒక సంఘం రెండయింది. ఒకే సాయంత్రం రెండు హాళ్లలో రెండు ఉగాదులు. ఆదివారం పిల్లల తెలుగు తరగతి కూడా చీలింది. గది మాకు మిగిలింది, టీచర్లు వాళ్లకు మిగిలారు. పుట్టినరోజు పిలుపులు ఆగిపోయాయి. గుడి పార్కింగులో ఎదురుపడితే కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు తలలు వంచుకునేవాళ్లం. లాయరు నోటీసులు కూడా నడిచాయి.

మా అధ్యక్షుడు నెల్లూరు మనిషి, ఇక్కడ రైల్వేలో ఇంజినీరు. ఓపిక ఎక్కువ, మొండితనం ఇంకా ఎక్కువ. వై టూ కే పని మీద, అంటే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు తప్పకుండా సరిచేసే పని మీద, కొత్తగా దిగిన కుర్రాళ్లంతా ఆయన వెంట ఉండేవారు. సంఘాన్ని మొదట పెట్టిన డాక్టర్లు ఆయన్ని ఓర్చుకునేవారు, అంతే. వాళ్లలో పెద్దాయన గొంతు డాక్టరు.

ఒప్పందం ఒక పేజీ. ఉగాది ఒకటే, తరగతి ఒకటే, అధ్యక్ష పదవి ఏడాదికొక వైపు. నాలుగో అంశం దగ్గరే చిక్కు. మళ్లీ తగాదా వస్తే ఇరువైపులా ఇద్దరేసి, బయటి మనిషి ఒకరు కూర్చుని తేలుస్తారు, ఆ ఐదుగురి మాటకు రెండు సంఘాలూ కట్టుబడాలి.

సంతకాలకు అవతలి అధ్యక్షుడి ఇంటికి వెళ్లేటప్పుడు మా అధ్యక్షుడు ఇద్దరు కుర్రాళ్లను, నన్ను తీసుకెళ్లారు. పెద్ద డాక్టరుకు ముందురోజు ఫోన్లో చెప్పారు. అక్కడ భోజనం పెట్టారు, శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఆ ఫోటోను మా నెలపత్రిక మొదటి పేజీలో నేనే వేశాను. బాగా వచ్చిందా లేదా అనే చూశాను గాని, అందులో ఎవరు లేరో చూడలేదు.

పత్రిక అందిన రోజే పెద్ద డాక్టరు ఫోన్ చేశారు.

"ఫోటో బావుందయ్యా. మేమంతా పోయామనుకున్నారా?"

"ప్రెసిడెంటు గారు మీకు చెప్పారు కదా డాక్టరు గారూ."

"ఫోన్లో చెప్పాడు. పెళ్లికి ఫోన్లో చెబితే నువ్వెళ్తావా? ఇంటికి రావాలి, కూర్చోవాలి, రండి అనాలి. ఫిఫ్టీన్ మినిట్స్ డ్రైవ్!"

ఈ మాట చేరవేస్తే అధ్యక్షుడు తల పట్టుకున్నారు. "రాజీకి కూడా బొట్టుపెట్టి పిలవాలా?" అన్నారు. అయినా మర్నాడే వెళ్లారు. డాక్టరు గారి భార్య కాఫీ ఇచ్చి, ఆయన పడుకున్నారని చెప్పారు. లోపలి గదిలో టీవీ క్రికెట్ వినిపిస్తూనే ఉంది.

తర్వాత ఆరు వారాంతాలు మేమిద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లో ఉప్మా, ప్రతి ఇంట్లో నాలుగో అంశం. ఆరో వారానికి ఆయన గొంతు పూర్తిగా పోయింది. మాకు తెలిసిన గొంతు డాక్టరు ఒక్కరే.

పెద్దాయన లైటు వేసి శ్రద్ధగా చూశారు. "రెండు వారాలు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు."

అధ్యక్షుడు నవ్వారు.

"నవ్వకు. ఇది డాక్టరుగా చెబుతున్నా. అపొజిషన్‌గా అయితే మాట్లాడమనే చెప్పేవాణ్ని. నువ్వు నోరు తెరిచినప్పుడల్లా మాకు నలుగురు పెరుగుతున్నారు."

సభ పది రోజుల్లో ఉంది.

సభ జరిగిన ఆదివారం మా కుర్రాళ్లలో చాలామందికి ఆఫీసులో టెస్టింగ్. వచ్చినవాళ్ల నడుముకు ఆఫీసు పిలిస్తే మోగే పేజర్లు. పెద్ద డాక్టరు లేచి ఒక సవరణ పెట్టారు. ఐదుగురి మాట సలహా మాత్రమే, కట్టుబడనక్కర్లేదు. "ఈ ఒక్క ముక్క మార్చండి, మేమందరం చేతులెత్తుతాం" అన్నారు. నిజంగానే ఎత్తేవారు.

నా పక్కన కూర్చున్న వరంగల్ కుర్రాడు మోచేత్తో పొడిచాడు. "అన్నా, ఒప్పుకొమ్మని చెప్పు. జస్ట్ వన్ లైన్. గింత దూరం వచ్చినంక మళ్ల లొల్లి దేనికి?"

వెళ్లి అధ్యక్షుడి చెవిలో చెప్పాను. ఆయన చీటీ రాసి, పైకి చదవమని సైగ చేశారు. "అవతలివాళ్లకు మాటిచ్చాను. మనం ముక్క మారిస్తే వాళ్లు పేజీ మారుస్తారు. సవరణకు మనవాళ్లెవరూ చేతులెత్తొద్దు." ఇంకోసారి ఆలోచించమని పెన్ను ఆయన ముందుకు జరిపాను. తీసుకోలేదు. ఎంతోమంది పెద్దల ప్రకటనలను డెస్కులో మెత్తబరిచినవాణ్ని, ఆ చీటీని మాత్రం ఉన్నదున్నట్టు చదివాను.

మా చేతులు లేచి ఉంటే సవరణతోనైనా ఒప్పందం గట్టెక్కేది. లేవలేదు. నాది కూడా లేవలేదు. తర్వాత అసలు ఒప్పందం ఓటుకు వచ్చింది. ఈలోగా పేజర్లు మోగి ముగ్గురు కుర్రాళ్లు "సారీ అంకుల్, ప్రొడక్షన్ ఇష్యూ" అంటూ కార్ల వైపు పరుగెత్తారు. వాళ్లున్నా సరిపోయేది కాదు. డాక్టర్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

సభ ముగిశాక పెద్ద డాక్టరు అధ్యక్షుడి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకా నాలుగు రోజులుంది. మాట్లాడకు."

గొంతు తిరిగి వచ్చాక కూడా ఆయన ఆ ఒప్పందం గురించి నాతో మాట్లాడలేదు. మార్చిలో పదవి వదిలేశారు. తర్వాతి అధ్యక్షులు ఎవరూ దాన్ని సభ ముందు పెట్టలేదు. అవతలి సంఘం మాత్రం మా సభకు వారం ముందే దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించింది. ఆ తీర్మానాన్ని వాళ్లు ఇప్పటికీ రద్దు చేసుకోలేదు.