శుక్రవారాల్లో మూసి ఉన్న తలుపు

మలావి దేశంలో మా అమ్మమ్మ ఎనెలెసికి తెలియని గడప లేదు. ఎవరి ఇంటి సంగతైనా కావలసి వస్తే దేవుడు కూడా ముందు ఆవిడ పనిచేసే మచింగా సంక్షేమ కార్యాలయానికి కబురు పెట్టి ఆవిడ రాసిన ఫైలు తెప్పించుకుంటాడు. అంతటి మనిషి ఒకసారి ఒక ముసలమ్మ ఇంటికి రెండుసార్లు వెళ్ళి, తలుపుకు తాడు కట్టి ఉండటం చూసి, "బంధువులు పట్టించుకోవడం లేదు" అని రాసి సంతకం పెట్టేసింది.

పిల్ల పేరు అసియతు. పురిట్లో తల్లి పోయింది. వాళ్ళలో పిల్లల విషయంలో మాట చెప్పాల్సింది తండ్రి కాదు, మేనమామ; ఆయన దక్షిణాఫ్రికా గనుల్లోకి పోయి తిరిగి రాలేదు. పాలకు దారి లేక ఊరివాళ్ళు పిల్లను శిశుగృహంలో అప్పగించారు. అక్కడి నియమం ఏమిటంటే, బంధువులు వచ్చి పిల్లను చూసి పుస్తకంలో వేలిముద్ర వెయ్యాలి. ఆరు నెలలు ఎవరూ వెయ్యకపోతే పిల్లను పెంపకానికి ఇవ్వవచ్చు. అసియతు పేజీలో ఒక్క ముద్ర లేదు.

పిల్ల అమ్మమ్మ అబిటి జావాలి బతికే ఉంది కనుక మా అమ్మమ్మ ఆ ఊరికి వెళ్ళింది. ఆఫీసులో ఉన్న ఒక్క మోటారుసైకిలు ఆవిడ వంతుకు శుక్రవారమే వచ్చేది. రెండు శుక్రవారాలూ అదే తాడు, అదే ముడి. పొరుగువాళ్ళు "ఎటో పోయింది" అన్నారు. ఎటు అని ఆవిడ అడగలేదు. ఎండగా ఉందట.

పిల్లను పెంచుకుంటామని జోంబా నుంచి బడిపంతులు గొండ్వే, ఆయన భార్య వచ్చారు. పన్నెండేళ్ళుగా పిల్లల్లేరు. ఆ ఇల్లాలు అప్పటికే నాలుగు గౌన్లు కుట్టింది. మంగళవారం కోర్టు.

దానికి ముందు శుక్రవారం పెట్రోలు లేక మోటారుసైకిలు కదల్లేదు. కాగితాల కోసం మా అమ్మమ్మ శిశుగృహానికి నడిచి వెళ్ళింది. గేటుకు ఎదురుగా, గోడ నీడలో ఒక ముసలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఎవరయ్యా ఆవిడ?" అని కాపలాదారు న్థాలాను అడిగింది.

"అబిటి జావాలి, అమ్మగారూ. ప్రతి శుక్రవారం వస్తది. తెల్లారకముందే బయలుదేరితే ఈ వేళకు చేరుతది."

"లోపలికి ఎందుకు పంపవు?"

"నేను వద్దన్లేదు. పిల్లను చూడ్డానికి ఒట్టి చేతులతో ఎట్లా వస్తాను అంటది. ఇంట్లో గుప్పెడు పిండి లేదంట. ఇక్కడే కూర్చుని ఏడుపులు వింటది. మా పిల్లది ఏది అని నన్నడుగుతది."

"నీకెట్లా తెలుసు ఏదో?"

"నాకేం తెలుసు? గట్టిగా ఏడ్చేదాన్ని చూపిస్తా. సంతోషపడతది."

"ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదమ్మగారూ."

మా అమ్మమ్మ వెళ్ళి అబిటి పక్కన కూర్చుంది. తానెవరో చెప్పింది. ముసలమ్మ చీర కొంగులాంటి చితెంజె గుడ్డతో మొహం తుడుచుకుని, "కోతలయ్యాక కోడిపిల్లతో వస్తానమ్మా. అంతదాకా పిల్లను ఉంచుతారుగా?" అంది. మంగళవారం సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో పైఅధికారి అంతా విని తలుపు దగ్గరకు వేశాడు. "చూడు ఎనెలెసీ, ఆ ముసలిదాని ఇంటికి కప్పు ఉందా?"

"సగం ఉంది."

"పంతులింట్లో పాలున్నాయి. బడి ఉంది. నువ్వు మంగళవారం దాకా నోరు మూసుకుంటే పిల్ల బాగుపడుతుంది. తెరిస్తే నీ ఉద్యోగానికి ఎసరు. ఎవరికి లాభం?"

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. మా అమ్మమ్మ కూడా అదే అంటుంది. ఆ రెండు రోజులూ ఇంట్లో మామూలుగానే ఉందని మా అమ్మ చెబుతుంది. సంకటి కెలికింది, బట్టలు ఉతికింది, ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడకపోవడం చూసి అందరూ జ్వరమేమో అనుకున్నారు.

సోమవారం జోంబా బస్సెక్కి గొండ్వే వాళ్ళింటికి వెళ్ళింది. వాళ్ళు కోర్టులో వినకముందే తన నోటితో చెప్పాలనుకుంది. అబిటి సంగతి గుమ్మంలోనే చెప్పింది.

"రేపు ఆ ముసలమ్మ పోతే పిల్లను ఎవరు చూస్తారు?" అంది గొండ్వే భార్య.

"తెలియదు."

"మా దగ్గర పాలున్నాయి."

"ఉన్నాయి."

"మరి?"

ఆ ఇల్లాలు లోపలికి వెళ్ళి గౌన్లు తెచ్చి మా అమ్మమ్మ చేతిలో పెట్టింది.

కోర్టులో మేజిస్ట్రేటు మా అమ్మమ్మ మొదట రాసిన కాగితం, ఇప్పుడు కొత్తగా రాసిచ్చిన కాగితం పక్కపక్కన పెట్టుకున్నాడు. "మొదటిది అబద్ధమా?"

"తప్పు, అయ్యా."

"తేడా ఏమిటి?"

"రాసినప్పుడు నాకు తెలియదు. ఇవాళ తెలిసి ఊరుకుంటే అబద్ధం."

"పెంచగలదని నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నానని రాయలేదు. వదిలెయ్యలేదని రాశాను."

పాలపొడి సంక్షేమశాఖ ఇవ్వాలని, పిల్ల అమ్మమ్మ దగ్గరికే వెళ్ళాలని ఆయన రాశాడు. మా అమ్మమ్మను సరస్సు ఒడ్డున ఎక్కడో మూలకు బదిలీ చేశారు. పదకొండేళ్ళు ఒక్క మెట్టు ఎక్కలేదు.

పిల్లను అప్పగించిన రోజు అబిటి ముందు చేతులు కడుక్కుంది. తరవాత చాపింది. అసియతుకు ఆవిడ ఎవరో తెలియదు. ఆయా మెడ పట్టుకుని ఊపిరాడనంతగా ఏడ్చింది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. విడదీసింది మా అమ్మమ్మే. పాలపొడి మూడు నెలలు వచ్చి ఆగిపోయింది.

అసియతు బతికింది. నాలుగో తరగతితో బడి మానేసింది. ఇప్పుడు లివొండె బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. మా అమ్మమ్మ కొనడానికి వెళితే అందరికీ చెప్పే ధరే చెబుతుంది. గొండ్వే దంపతులు ఏమయ్యారో మాకు తెలియదు.

ఇదంతా రాసి ఆవిడకు చదివి వినిపించాను. పిల్లను అప్పగించి తిరిగి వస్తూ దారి పొడుగునా ఏడ్చిందని చివర ఒక వాక్యం నేనే కలిపాను. బాగుంటుందనుకున్నాను.

"అది కొట్టెయ్," అంది. "నేను ఏడవలేదు. ఆకలేసింది. బస్సు దగ్గర ఉడకబెట్టిన చిలగడదుంప కొనుక్కుని తిన్నాను."