బెల్జియంలో కొన్న పెళ్లి ముసుగు

దయ్యాలు, ఆత్మలు అంటే నేను ఏనాడూ నమ్మలేదు పిల్లలూ. మా నాయన మైపాడు దగ్గర పల్లెలో చర్చి బడి పంతులు. ఇంట్లో ఆ మాట ఎత్తితే చీవాట్లు పడేవి. ఈ వయసులోనూ చీకట్లో ఒక్కదాన్నే పెరట్లోకి పోతాను. అయినా ఇది మీకు చెప్పాలి.

"యూరప్‌లో చిన్న చిన్న దేశాలు చూడబోతున్నాం, నీకేం తేవాలి అవ్వా?" అని ఫోన్లో అడిగారు కదా. అక్కడ ఏం కొనాలో ఎంచడం ఎంత కష్టమో నాకు తెలుసు. అరవైల మొదట్లో నేనూ ఆ కొట్లు తిరిగాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. మా దగ్గర మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మది బెల్జియం. ఆమె సెలవు మీద ఇంటికి పోతూ, తన ఇద్దరు పిల్లల్ని చూసుకోవడానికి నన్ను వెంట తీసుకుపోయింది.

మా అక్క రూతుకు పెళ్లి కుదిరి ఉంది. నేను తిరిగి రాగానే పెళ్లి. మా వాళ్లలో పెళ్లికూతురు తెల్లచీర కట్టి, తలమీద లేసు ముసుగు వేసుకుంటుంది. అక్కకు లేసు అల్లడం వచ్చు. అయినా బెల్జియం లేసే కావాలంది.

"ముసుగొకటి తే, చాలు. తెలిసినోళ్లను అడిగి తీసుకో మే. నీ ఇష్టానికి వదిలితే గోనెపట్ట తెస్తావు" అని నవ్వింది.

నాయన బడికి ఇత్తడి గంట కొన్నాను. లక్సెంబర్గ్ అని ఇంకో దేశం, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చూడటం అయిపోయింది. అక్కడ అమ్మకు వంతెన బొమ్మ ఉన్న రేకుడబ్బా తీసుకున్నాను. అందులో ఆమె ఎండుచేపలు పోసుకుంటుందని తెలిసే కొన్నాను. ముసుగు మాత్రం చివరిదాకా మిగిలిపోయింది.

ఓడ ఎక్కడానికి పది రోజుల ముందు డాక్టరమ్మ నన్ను లేసు కొట్టుకు తీసుకుపోయింది. పట్టపగలు. తలుపు తీస్తే గంట మోగే కొట్టు. లోపల మేమిద్దరం, కొట్టు నడిపే ముసలావిడ, అంతే.

ఆవిడ రెండు ముసుగులు పరిచింది. ఒకదాని అంచున చిన్న పూలు, ఇంకోదానికి గోధుమ కంకులు. నేను పూలది చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ నా ఎడమ పక్కకు చూసి ఏదో అంది. డాక్టరమ్మ మొహం చిట్లించింది.

"నీ పక్కనున్న అమ్మాయికి అది వద్దట. తల అడ్డంగా ఊపుతోందట."

నా పక్కన ఎవరూ లేరు. ఏ అమ్మాయి అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది. ముసలావిడ తడుముకోకుండా చెప్పింది. నా పోలికేనట. పచ్చ చీర, గడ్డం మీద పుట్టుమచ్చ, మగపిల్లల మాదిరి పొట్టి జుట్టు. చెబుతూనే మళ్లీ అటు చూసి, "ఏదీ, వెళ్లిపోయిందే" అంది. తలుపు గంట మోగలేదు.

గడ్డం మీద పుట్టుమచ్చ మా అక్కకుంది. గబగబా పూలదే కట్టించుకుని బయటపడ్డాను.

అక్క ఎలా ఉందని ఆ సాయంత్రమే ఉత్తరం రాశాను. ఓడ ఎక్కే రోజుకీ జవాబు రాలేదు. అక్కకు నడుము దాకా జుట్టు, పొట్టి జుట్టు పిల్ల అక్క ఎలా అవుతుంది అని సముద్రం మీద రోజూ నాకు నేనే చెప్పుకునేదాన్ని. మళ్లీ ఆ ముసుగు గుర్తొచ్చేది. మావాళ్లు శవపేటికలో పడుకోబెట్టినప్పుడూ తెల్లదే కప్పుతారు.

నెల్లూరు స్టేషనుకు నాయన ఒక్కడే వచ్చాడు.

"అక్క ఎట్టుంది నాయనా?"

"ఇంటికి పోదాం పామ్మా."

"చెప్పు నాయనా. ఉందా?"

"ఉండాది. పా, ఇందుకూరుపేట బస్సు పోతాది."

ఆ మాట నేను నమ్మలేదు. బస్సులో కూడా ఆయన నా మొహం చూడలేదు.

అక్క ఉంది. వసారాలో నులకమంచం మీద, ఎముకల గూడులా. టైఫాయిడ్ అట. నేను భయపడతానని రాయలేదట. పచ్చ చీర కట్టి ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. జ్వరం తలకెక్కినప్పుడు తడిగుడ్డ వేయడానికి అమ్మే కత్తిరించిందట. సరిగ్గా ఏ రోజో అమ్మకు గుర్తులేదు. నేను కొట్టుకు పోయిన రోజేనని ఒట్టు పెట్టలేను.

నేను మంచం పట్టె పట్టుకుని ఏడుస్తున్నాను. పెట్టె తాళం ఇంకా తియ్యలేదు. ముసుగు సంగతి ఎవరికీ రాయలేదు.

"ఏడుపు ఆపు మే. పూలదే తెచ్చినావు గదా?" అంది అక్క. "గోదుమ కంకులది ఎంత బాగుండె! నేను వద్దు వద్దంటా ఉంటే ఆ ముసిలామె ఇన్నది గాని నువ్వు ఇన్నావా?"

ఎట్టా తెలుసక్కా అని అడిగితే, తనకే తెలియనట్టు నా వంక చూసి కళ్లు మూసుకుంది. తర్వాత ఎన్నిసార్లు అడిగినా, తానలా అన్నట్టే గుర్తు లేదంది.

ఆరు నెలలకు ఆ ముసుగుతోనే అక్క పెళ్లయింది. జ్వరంలో మనిషి ఎక్కడిదాకా పోగలదో నాకు తెలియదు, డాక్టరమ్మా చెప్పలేకపోయింది. నన్ను ఇంకా తొలిచేది వేరే సంగతి. ఊరూ భాషా కాని మనిషికి కనబడిన మా అక్క, భుజం తగిలేంత దగ్గరున్న నాకు ఎందుకు కనబడలేదు?